అప్పగింతల వేళ మామ వాయించని పాట

2023 మే పదో తేదీ, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. గిద్దలూరులోని ఆ కల్యాణ మండపంలో, వర్జ్యం రాకముందే పెళ్ళికూతురిని కారెక్కించాలని పురోహితుడు తొందరపెడుతున్నాడు. అందరి కళ్ళూ గోడ గడియారం మీదే ఉన్నాయి. నేను కీబోర్డు మీద శ్రుతి పట్టుకొని మా మేనమామ వైపు చూస్తున్నాను. ఆయన క్లారినెట్ పెదవులకు ఆనించాడు. వాయించవలసిన పాట మాత్రం వాయించలేదు.

మామ మా బ్యాండు మేళానికి పెద్ద. మాది బేస్తవారిపేట దగ్గరి పల్లె. మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. మార్కాపురంలో బీకాం చదివి, ఉద్యోగాల పరీక్షలు రాస్తూ, పెళ్ళిళ్ళ కాలంలో మేళంతో తిరిగేవాణ్ణి. పెళ్ళివారి ఫోన్లు నాచేతనే మాట్లాడించేవారు. చదువుకున్నవాడు మాట్లాడితే మేళానికి మర్యాద అని మామ నమ్మకం.

వాయించవలసిన పాట ఏమిటో ముందు చెప్పాలి. అది సినిమా పాట కాదు, కీర్తనా కాదు. మామ సొంతంగా కట్టిన వరస. మా అమ్మ పెళ్ళినాడు, కొత్తగా క్లారినెట్ నేర్చుకున్న మామ అక్కను సాగనంపుతూ ఏదో వాయించబోయి, దుఃఖం ఆగక ఒకే స్వరం దగ్గర నిలిచిపోయాడట. ఊపిరి ఉన్నంతసేపూ దాన్నే పట్టుకొని ఉన్నాడట. పందిట్లో ఆడవాళ్ళంతా బావురుమన్నారట. తర్వాతి పెళ్ళిలో ఎవరో "ఆ పొద్దు వాయించినావే, అది" అని అడిగారు. ఆ పొడవాటి స్వరం చుట్టూ మెల్లగా ఒక పాట అల్లుకుంది. మామ దానికి పేరు పెట్టలేదు. జనమే 'ఏడుపు పాట' అని పెట్టుకున్నారు.

పెళ్ళికూతురి చేతులను పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టే సమయానికి ఎంతమంది ఏడ్చారన్నదే మా వైపు మేళానికి కొలత. పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నట్టుగానే దాని గురించీ మాట్లాడుకుంటారు. "పెళ్ళికొడుకు నాయన గూడా ఏడ్చినాడంటే చూడు" అని పక్క ఊళ్ళో చెప్పుకొంటే మాకు ఇంకొక పెళ్ళి వచ్చేది. పామూరు నుంచి గిద్దలూరు దాకా నాకు ఫోను చేసినవాళ్ళు ముహూర్తం చెప్పకముందే అడిగే మాట ఒకటే: "ఆ పాట ఉంటది గదా తమ్ముడూ?"

మౌఢ్యం వెళ్ళాక మాకు అదే మొదటి పెళ్ళి. మామ ఆ రోజు అప్పగింతలకు వాయించింది నేను అంతకుముందు ఎన్నడూ వినని పాట. చిన్న చిన్న పలుకులుగా, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ, ఎవరో వాకిట్లో నిలబడి వీధి చివరిదాకా చూస్తున్నట్టుగా ఉంది. నా వేళ్ళు తడబడ్డాయి. డోలు వాయించే చిన్నాయన కర్ర ఎత్తి, ఎక్కడ వేయాలో తెలియక, ఎత్తినట్టే పట్టుకున్నాడు. పెళ్ళికూతురు తలెత్తి తమ్ముడి వైపు చూసి నవ్వింది. కొంగులు కళ్ళదాకా తెచ్చుకున్న ఆడవాళ్ళు వాటితో మొహాలు తుడుచుకొని దించేశారు. ఎవరూ ఏడవలేదు.

కారు కదిలిన వెంటనే వీడియో తీసే అతను వచ్చాడు.

"ఏంది అన్నా ఇది? క్లోజప్ పెట్టుకొని కూసున్నా. ఒక్కురి కంట్లో నీళ్ళు ల్యా. ఈ ముక్కకు నేనేం మ్యూజిక్ ఎక్కించాల?"

"నువ్వు నీళ్ళు పోసి తీసుకోరాదా," అన్నాడు చిన్నాయన.

మామ క్లారినెట్ ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. రోజూ తుడిచేదానికన్నా ఎక్కువసేపు తుడిచాడని నాకనిపించింది. నా అనుమానం అక్కడ పుట్టింది.

వారం తిరక్కుండానే ఆ పెళ్ళికూతురి పెద్దమ్మ ఫోను చేసింది.

"నిజం చెప్పు నాయనా. మగపెళ్ళివాళ్ళు మీ మామకు ఏమన్నా ముట్టజెప్పినారా?"

"లేదు పెద్దమ్మా, ఎందుకు ముట్టజెబుతారు?"

"మా పిల్ల ఏడ్వకుండా పోయింది గదా. ఇప్పుడు ఆ ఇంట్లో ఆడోళ్ళంతా, ఈమెకు పుట్టింటి మీద పేగే లేదు అంటున్నారంట. మేళం సరిగ్గా ఉంటే ఈ మాట వచ్చేదా?"

ఆ ఫోను గురించి చెబితే మామ విని, "పిల్ల బాగుందంటనా?" అని మాత్రం అడిగాడు.

చిన్నాయనకు వేరే అనుమానం ఉంది. మామ మమ్మల్ని వదిలి ఒంగోలులో ఆర్కెస్ట్రాకు పోతాడని ఆయన నమ్మాడు. "కొత్త పాట మన మీద సానబెట్టుకుంటున్నాడు కొడుకా. పదునెక్కినాక ఆడికి పోతాడు. మనం ఈడ డోలు కొట్టుకుంటా ఉండాల," అన్నాడు. ట్రంపెట్ వాయించే అతను, మామ ఫోనులో ఎవరితోనో చాటుగా మాట్లాడుతున్నాడని దానికి తోడు చేర్చాడు. ఇట్లా మేళంలో ఎవరి లెక్క వారు వేసుకొని, మామ ఎదురుపడగానే మాట మార్చడం అలవాటు చేసుకున్నాం.

నా అనుమానం నేను ఎవరితోనూ చెప్పలేదు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మామ చాలా ఏళ్ళు మార్కాపురంలో పలకల కార్ఖానాకు పోయేవాడు. రాయి కోసే చోట ఆయన పని. సాయంత్రం బస్సు దిగి వస్తే కనుబొమ్మలు కూడా రాతి దుమ్ముతో బూడిదరంగులో ఉండేవి. ఆయనతో పనిచేసినవాళ్ళలో కొందరు ఇప్పుడు మంచం దిగి వాకిట్లోకి రావడానికే రొప్పుతారు. ఏడుపు పాటకు ప్రాణం ఆ పొడవాటి స్వరం. అది ఊపిరి మీద ఆధారపడినది. కొత్త పాటలో అన్నీ తెగిన పలుకులే, ప్రతి పలుకు తర్వాతా గాలి పీల్చుకునే చోటుంది. మామ ఊపిరితిత్తులు చెడ్డాయని, దాన్ని దాచడానికే కొత్త పాట అనే తెర కట్టాడని నేను నిర్ధారించుకున్నాను.

అనుమానించేవాడికి ఆధారాలు తక్కువ కావు. బస్సు మెట్లు ఎక్కి ఆయన ఒక్క క్షణం ఆగితే గుర్తుపెట్టుకున్నాను. దగ్గుతూ తువాలు అడ్డం పెట్టుకుంటే, అత్త ఉతకడానికి వేసిన బట్టల్లో ఆ తువాలు వెతికి, మరకలేమైనా ఉన్నాయేమో చూశాను. మిరపకాయల కారం తప్ప ఏమీ లేదు. నిక్షేపంగా ఉన్న మనిషిలో జబ్బు కనిపించకపోతే, దాన్ని ఎంత బాగా దాస్తున్నాడో అనుకున్నాను.

ఒకరోజు అత్త తనంతట తానే అంది. "మీ మామ ఇంట్లో వాయించడం మానేసినాడు రా. ఇంతకుముందు పొద్దున లేస్తానే ఆ పాట ఒకసారి వాయించి గాని కాఫీ తాగేటోడు గాదు. అడిగితే ఉలకడు పలకడు."

ఇంతలో మార్కాపురం నుంచి పెద్ద పెళ్ళి ఒకటి కుదిరింది. బట్టల దుకాణాలున్న కుటుంబం. ఆ ఇంటి అవ్వ తన ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ మా మేళమే పెట్టింది. ఇప్పుడు మనవరాలి పెళ్ళి. మార్కాపురంలో ఆమె ఒక మేళాన్ని మెచ్చుకుంటే ఆ బజారు మొత్తం మెచ్చుకుంటుంది, కాదంటే ఆ బజారు మొత్తం కాదంటుంది. ఫోనులో ఆమే మాట్లాడింది. "గిద్దలూరు సంగతి విన్నానులే. మా ఇంటికాడ అట్లాంటివి పెట్టుకోవద్దని మీ మామకు చెప్పు."

ఈ పెళ్ళి చెడితే మేళం నిలవదని మాకందరికీ తెలుసు. ట్రంపెట్ అతను అప్పటికే వేరే మేళంతో మాట్లాడుకుంటున్నాడు. అందుకని ఒక ఉదయం నేను నేరుగా మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చొని ఉన్నాడు.

"మామా, ఆ పాట నా ముందర ఒక్కసారి వాయించు. వాయించలేకపోతే చెప్పు. రేపే ఒంగోలు ఆస్పత్రికి పోదాం. జబ్బు దాచుకుంటే ముదురుతుంది."

మామ నన్ను వింతగా చూశాడు. "నాకు జబ్బని ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకుంటున్నాను."

"డిగ్రీ చదివి డాక్టరువైతివా ఏంది?" అని లేచాడు. "సరే పా. ఇంట్లో వద్దు."

ఇంట్లో ఎందుకు వద్దన్నాడో నాకు అర్థం కాలేదు. అత్త చెవిన పడకుండా ఉండటానికేమోనని అనుమానం ఇంకా గట్టిపడింది. కోత అయిపోయిన కంది చేను దాటి, పొలం చివర బోరు దాకా నడిచాం. ఆయన చెప్పులు గట్టు మీద విడిచాడు. ఊరి వైపు వీపు పెట్టి నిలబడి వాయించాడు.

మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. ఆ పొడవాటి స్వరం వచ్చినప్పుడు నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయింది. ఆయనది అయిపోలేదు. స్వరం వణకలేదు, సన్నగిల్లలేదు. అది ముగిసేసరికి నా కళ్ళు తడిసి ఉన్నాయి. అదే పాట వందల పెళ్ళిళ్ళలో కీబోర్డు మీద పక్కన నడిపినవాణ్ణి నేను.

"చూసినావు గదా," అన్నాడు మామ.

"మరి ఎందుకు మానేశావు?"

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఉగాదికి ముందు, కొనకనమిట్ల వైపు ఒక పల్లె నుంచి ఒకాయన వచ్చాడట. కొన్నేళ్ళ కింద ఆయన కూతురి పెళ్ళికి మా మేళం వెళ్ళింది. ఆ పిల్ల కాన్పులో చనిపోయింది. శవాన్ని పుట్టింటికి తెచ్చారు.

"నా కాళ్ళు పట్టుకున్నాడు రా. 'ఆ పొద్దు పంపిచ్చినట్టే పంపిచ్చు నాయనా, మా పిల్లకు ఆ పాటంటే ఇష్టం' అన్నాడు. ఏం చెప్పాల? క్లారినెట్ తీసుకొని ఒక్కడినే పోయినాను."

మా వైపు పెళ్ళి మేళం చావు ఇంటికి వెళ్ళదు. చావుకు వాయించేవాళ్ళు వేరే ఉంటారు. శుభానికి ఊదిన వాద్యం అశుభానికి ఊదితే, మళ్ళీ దాన్ని ఏ పందిట్లోనూ రానివ్వరు. మామ ఎందుకు ఎవరికీ చెప్పలేదో నాకు అప్పుడు తెలిసింది. చెబితే మేళమే ఉండదు. ఇంట్లో వద్దన్నదీ అందుకే. ఆయన దృష్టిలో అది ఇప్పుడు చావు పాట.

"వాద్యం కడిగినాను, పూజ చేయించినాను. వాద్యానికి దోషం పోతదిలే. పాటను ఎట్ల కడిగేది? పెళ్ళికూతురి ముందర ఆ పాట ఎత్తుకుంటే నాకు పాడె కనపడతాంది."

నాకు జాలి కలిగింది. అయినా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కొత్త పాటలోని నగిషీ చూస్తే, దుఃఖంతో పాత పాటను వదిలేసిన మనిషి అప్పటికప్పుడు కట్టినట్టు లేదు. ఎన్నో రోజులు మనసులో తిప్పుకున్నదానిలా ఉంది. అదే అడిగాను.

మామ దొరికిపోయినవాడిలా నవ్వాడు. "నీ అనుమానం తగలెయ్య. నిజమే. ఆ పాట మీద నాకు యిసుగొచ్చి శానా ఏండ్లయింది. ఎప్పుడన్నా వేరేది కట్టి వాయిస్తే, బాగుంది గాని అది వాయించు అంటారు. నేను కట్టిన పాటే నన్ను కట్టేసింది. ఏ పిల్లకు ఏడుపొస్తదో ఏ పిల్లకు సంతోషమో నాకు చూడ పనిల్యా, ఏడిపిచ్చి పంపిచ్చాల. ఆ పిల్ల చావు నాకు సాకయింది అల్లుడా. అది తల్చుకుంటేనే సిగ్గేస్తది."

ఆయనకు తన పాట వాయించాలని ఉంది. మాకు మేళం నిలవాలని ఉంది. ఆ రెండూ మార్కాపురంలో ఒకే పందిట్లో తేలవలసి ఉన్నాయి.

జూన్ నెలలో ఆ పెళ్ళి జరిగింది. ముహూర్తం పొద్దునే అయిపోయింది. మధ్యాహ్న భోజనాల తర్వాత అప్పగింతలకు పాల పళ్ళెం తెచ్చారు. అవ్వ కుర్చీ వేయించుకొని సరిగ్గా మామకు ఎదురుగా కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు. పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పాట ఎత్తుకోకముందే కొందరు ముక్కులు ఎగబీలుస్తున్నారు.

"ఇంక కానీ నాయనా, ఆ పాట ఎత్తుకో," అంది అవ్వ.

మామ చేతులు జోడించాడు. "ఈ పాపకు వేరేది వాయిస్తా అవ్వా. బాగుంటది. ఒక్కసారి ఇనండి."

"నేను వేరేది అడిగినానా?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "గిద్దలూరులోనూ ఇట్లనే చేసినాడంట."

"మగపెళ్ళివాళ్ళు మాట్లాడుకొని ఉంటారులే," అని ఇంకొకరు.

"అదేం గాదు," అన్నాడు చిన్నాయన చుట్టం ఒకాయన. "పలకల కార్ఖానా దుమ్ము. గాలి ఆడట్లేదు ఆయనకు. ఆ పాట ఊదాలంటే దమ్ముండొద్దా?"

నేను చేసిన ఊహ నాకన్నా ముందే ఊరంతా చేసిందని అప్పుడు తెలిసింది. ఆ మాటతో జనం మెత్తబడ్డారు. అవ్వ మొహం కూడా మారింది. "గాలి ఆడట్లేదా నాయనా? ఆ మాట ముందే చెప్పొద్దా?" అంది.

దారి దొరికిందని నాకనిపించింది. మామ చెవిలో, "అవునని చెప్పు మామా. అంతటితో అయిపోతుంది," అన్నాను.

మామ ఒక్కసారి తల ఊపితే చాలు. మేళం నిలిచేది, కొత్త పాట వాయించుకోనిచ్చేవాళ్ళు, పైగా జాలిపడేవాళ్ళు. ఆయన నా వైపు చూసి, తర్వాత అవ్వ వైపు తిరిగాడు.

"దమ్ము బాగానే ఉంది అవ్వా. ఆ పాట ఉగాదికి ముందర చావింట్లో వాయించినాను. అందుకే ఈ పాపకు వాయించను."

ఎవరో పెళ్ళికూతురిని భుజం పట్టి వెనక్కి లాగారు. ఫోన్లు దిగాయి. పసుపునీళ్ళు తెమ్మని ఒక గొంతు వినిపించింది. చిన్నాయన డోలు భుజం మీదినుంచి దించి నేల మీద పెట్టేశాడు. ఆయనకు కూడా ఈ మాట అప్పుడే తెలిసింది.

"ఎవురి బిడ్డ?" అని అడిగింది అవ్వ.

మామ ఊరు చెప్పాడు. కాన్పులో పోయిందని చెప్పాడు.

అవ్వ కుర్చీలో ముందుకు వంగింది. "నువ్వు చెప్పకుంటే మాకు తెల్సేది గాదు గదా నాయనా. గాలి ఆడట్లేదంటే ఇడిసిపెడుదుము గదా. ఎందుకు చెప్పినావు?"

"అట్ల చెప్తే నేను కొత్తగా కట్టింది జబ్బోని పాట అయిపోద్ది అవ్వా. ఇంక ఎప్పుడు విన్నా, పాపం దమ్ము లేక ఇట్ల వాయిస్తున్నాడు అంటారు. అది జబ్బోని పాట గాదు."

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థమైనట్టు లేదు. అవ్వకు అర్థమైందో లేదో నేను చెప్పలేను. ఆమె మాత్రం చేయి ఊపి, "పెట్టెలో పెట్టు. ఈ పొద్దు ఏదీ వద్దు," అంది.

మనవరాలి చేతులను పాలలో ముంచి, అత్తగారి చేతుల్లో పెట్టారు. మేళం లేదు, పాట లేదు. పళ్ళెంలో పాలు కదిలే చప్పుడు కూడా వినిపించింది. మొదట అవ్వ ఏడ్చింది. తర్వాత అందరూ ఏడ్చారు. వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుంటూ, మా అవసరం లేకుండానే ఏడుస్తున్న వాళ్ళను చూస్తూ మేము నిలబడ్డాం. మామ పెట్టె మూత వేస్తూ ఆగి, ఆ ఏడుపును చెవి ఒగ్గి విన్నాడు.

ఆ తర్వాత మార్కాపురంలో మమ్మల్ని ఎవరూ పెళ్ళికి పిలవలేదు. ట్రంపెట్ అతను వేరే మేళంలో చేరాడు. చిన్నాయన కొన్ని నెలలు మామతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గానీ మేళంలోకి తిరిగి రాలేదు. నాకు కంభంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మామ, ఇద్దరు కొత్తవాళ్ళు, ఆదివారాలు ముహూర్తం పడితే నేను, ఇదీ ఇప్పటి మేళం. పిలిచినవాళ్ళకు ఏం వాయిస్తామో ముందే చెబుతున్నాను. సగంమంది ఫోను పెట్టేస్తున్నారు. ఏడుపు పాటను పామూరు వైపు మేళం ఒకటి పట్టుకుంది. పాత వీడియోలు విని నేర్చుకున్నారు. అది చావింట్లో వాయించిన పాటని ఆ మేళాన్ని ఎవరూ అడ్డుకోలేదు. మామ అప్పగింతలకు తన కొత్త పాట వాయిస్తున్నాడు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు ఏడవడం లేదు.